ఉష్ణోగ్రత ముల్లు ఎప్పుడు ఎక్కిందో ముందు చూడండి, పార్టు తర్వాత మార్చండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మీ పత్రిక వాహనాల పేజీలో స్పోర్ట్స్ కారు ఇంజిన్ వేడెక్కడం గురించి వచ్చిన సలహాలు చదివాం. వాటిలో రెండు మాటలు పాఠకులకు నష్టం చేస్తాయి. బండి ఆపి, గుడ్డ పట్టుకుని మెల్లగా రేడియేటర్ మూత తిప్పి నీళ్లు పోయమన్నది ఒకటి. పదేపదే వేడెక్కుతుంటే థర్మోస్టాట్‌ను, అంటే వేడిని బట్టి రేడియేటర్ దారి తెరిచే వాల్వును, పీకేసి నడపమన్నది రెండోది. మొదటిది మనిషిని కాలుస్తుంది, రెండోది ఇంజిన్‌ను. ఈ రెండింటికీ సవరణ వేయమని కోరుతున్నాం. ఇలాంటి కార్ల మరమ్మతు పనిలో ఉన్నవాళ్లం కాబట్టి, అసలు లోపం ఎక్కడుందో పట్టుకునే పద్ధతి కూడా రాస్తున్నాం. కాస్త నిడివి ఎక్కువైనా వేస్తారని ఆశిస్తున్నాం.

ముందు మూత సంగతి. మామూలు నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ సుమారు 107 డిగ్రీల దాకా ఆగుతుంది. మూతలోని స్ప్రింగు 1 బార్ ఒత్తిడిని పట్టి ఉంచితే అదే కూలెంట్ 125 డిగ్రీలు దాటినా మరగదు. ఇంజిన్ వేడెక్కినప్పుడు లోపల 115, 120 డిగ్రీల ద్రవం ఆ ఒత్తిడి వల్లే ద్రవంగా ఉంటుంది. మూత వదులు కాగానే ఒత్తిడి పోతుంది, అది ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. గుడ్డ దాన్ని ఆపలేదు. ఇంజిన్ ఆపాక అరగంట నుంచి ముప్పావు గంట ఆగండి. మందపాటి చేతితొడుగు వేసుకుని రేడియేటర్ పై గొట్టాన్ని నొక్కి చూడండి. అది మెత్తగా అణిగితేనే మూత జోలికి వెళ్లాలి. గట్టిగా బిగుసుకుని ఉందంటే ఇంకా ఒత్తిడి ఉన్నట్టే. వేడి ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోయడం కూడా తప్పే, ఇంజిన్ పై భాగమైన అల్యూమినియం సిలిండర్ హెడ్ పగలడానికి అంతకన్నా వేరే కారణం అక్కర్లేదు.

నడుపుతుండగా డాష్‌బోర్డులోని ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు కదిలితే ఏసీ ఆపండి. హీటర్‌ను పూర్తి వేడికి పెట్టి బ్లోయర్ గట్టిగా తిప్పండి. హీటర్ కోర్ కూడా ఒక చిన్న రేడియేటరే, కొంత వేడిని బయటికి లాగుతుంది. వీలైన మొదటి చోట బండి పక్కకు తీయండి. ఆవిరి గానీ, కింద కారడం గానీ కనిపిస్తే ఆ క్షణమే ఇంజిన్ ఆపేయాలి. అవేవీ లేకుండా, ఫ్యాన్ తిరుగుతూ ఉంటే మాత్రం ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, ఉంచడం మేలు. కూలెంట్‌ను తిప్పే పంపు తిరుగుతూ ఉంటే సిలిండర్ హెడ్‌లో చిక్కుకున్న వేడి రేడియేటర్ దాకా పోతుంది. ఆ రెండు నిమిషాల్లోనూ ముల్లు ఎక్కుతూనే ఉంటే ఇక ఆపేయడమే.

బండి గ్యారేజీకి చేరాక మొదట తేల్చవలసింది, ఇంజిన్ నిజంగా వేడెక్కిందా అన్నది. డాష్‌బోర్డు ముల్లును నమ్మడానికి లేదు. ఇప్పటి కార్లలో చాలావాటికి ఆ ముల్లు ఉష్ణోగ్రతను ఉన్నదున్నట్టు చూపదు. కూలెంట్ 80 దగ్గరున్నా 105 దగ్గరున్నా నడిమి గీత మీదే నిలబడేలా తయారీలోనే అమరుస్తారు. అది కదిలేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. అందుకే కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే ఓబీడీ సాకెట్‌కు స్కానర్ తగిలించి కూలెంట్ ఉష్ణోగ్రతను అంకెల్లో చదవాలి. రాత్రంతా ఆగి ఉన్న కారులో, స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేస్తే, కూలెంట్ సెన్సరూ ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రత సెన్సరూ దాదాపు ఒకే అంకె చూపాలి. ఐదారు డిగ్రీలకు మించి తేడా ఉంటే ముందు ఆ సెన్సర్నీ దాని కనెక్టర్‌నీ అనుమానించాలి. తర్వాత ఇంజిన్ వేడి మీద ఉండగా థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిచి స్కానర్ అంకెతో పోల్చాలి. మెరిసే అల్యూమినియం మీద నేరుగా గురిపెడితే అది అసలు వేడికన్నా చాలా తక్కువ చూపుతుంది. అక్కడ నల్ల టేపు ముక్క అంటించి, దాని మీద కొలవండి.

ముల్లు చేసే మోసం ఇంకొకటుంది. కూలెంట్ బాగా కారిపోతే సెన్సర్ మొన ద్రవంలో మునిగి ఉండదు, అప్పుడు ముల్లు కిందికి దిగుతుంది. ఎర్రగీత దాకా వెళ్లిన ముల్లు హఠాత్తుగా పడిపోయి, అదే సమయంలో హీటర్‌లోంచి చల్లగాలి వస్తే ఇంజిన్ చల్లబడిందనుకోవద్దు. లోపల నీళ్లు లేవని దాని అర్థం. ఇంజిన్లు పాడైపోయేది ఎక్కువగా ఇలాంటి పరిస్థితిలోనే.

వేడెక్కడం నిజమేనని తేలాక, పార్టులు మార్చే ముందు యజమానిని అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఏ సమయంలో వేడెక్కింది? ఆగి ఉన్నప్పుడా, వేగంగా పోతున్నప్పుడా, ట్రాక్ మీద నాలుగు రౌండ్లు కొట్టాకా, స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకేనా? లోపం ఏ వైపుందో ఈ జవాబులోనే సగం తేలిపోతుంది. దీన్ని అడగకుండా థర్మోస్టాట్, పంపు, రేడియేటర్ వరసగా మార్చుకుంటూ పోవడం యజమాని డబ్బు తగలేయడమే.

ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఎక్కి, రోడ్డు ఖాళీ అయి వేగం అందుకోగానే దిగిపోతోందంటే రేడియేటర్‌కు గాలి అందడం లేదు. వేగంలో వచ్చే గాలి ఫ్యాన్ లోపాన్ని కప్పేస్తోంది. ఏసీ ఆన్ చేసి చూడండి, చాలా కార్లలో ఆ వెంటనే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, కనెక్టర్, మోటారు అన్న వరసలో వెళ్లండి. స్కానర్‌లో పీ0480 కోడ్ ఉంటే అది ఫ్యాన్‌ను నడిపే సర్క్యూట్‌ను చూపిస్తోంది. తిరుగుతోంది కదా అని వదిలేయకూడదు, పూర్తి వేగంతో తిరుగుతోందా అన్నది ముఖ్యం. ఫ్యాన్ పూర్తి వేగంలో ఉండగా దాని కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దగ్గరున్న వోల్టేజీ కన్నా అర వోల్టుకు మించి తగ్గకూడదు. తగ్గిందంటే ఎక్కడో తుప్పు పట్టిన ఎర్తో, కాలిన రిలే కాలో దారిలో కరెంటును తినేస్తోంది. రెండు వేగాల ఫ్యాన్‌లలో తక్కువ వేగానికి ఒక రెసిస్టర్ ఉంటుంది. అది కాలిపోతే ఫ్యాన్ 105 డిగ్రీల దాకా కదలకుండా ఉండి, అప్పుడు ఒక్కసారిగా గట్టిగా తిరుగుతుంది. యజమాని మాత్రం ఫ్యాన్ బాగానే ఉందనుకుంటాడు.

ఫ్యాన్ మార్చిన తర్వాతే సమస్య మొదలైతే వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. పాజిటివ్, నెగటివ్ మారితే మోటారు వెనక్కి తిరుగుతుంది, ముందు నుంచి వచ్చే గాలికి ఎదురు ఊదుతుంది. ఫ్యాన్ తిరుగుతుండగా గ్రిల్ ముందు ఒక కాగితం పట్టుకుంటే అది గ్రిల్‌కు అతుక్కోవాలి, ఎగిరి బయటికి రాకూడదు. ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు (ష్రౌడ్) పగిలినా, తీసేసినా, ఫ్యాన్ రేడియేటర్ మొత్తం మీద గాలి లాగలేక తన ముందున్న వలయం వరకే లాగుతుంది.

ఇక రెండో రకం. ఐడిల్‌లో, నెమ్మదిగా పోతున్నప్పుడు బాగానే ఉంటుంది, హైవే మీద నిలకడగా వేగంగా పోతుంటే మెల్లమెల్లగా ఎక్కుతుంది. ఇక్కడ ఫ్యాన్ ప్రసక్తి లేదు. ఇంజిన్ పుట్టించే వేడికి సరిపడా కూలెంట్ తిరగడం లేదు, లేదా రేడియేటర్ వేడిని వదల్లేకపోతోంది. ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి రేడియేటర్‌లోకి వచ్చే గొట్టం, బయటికి పోయే గొట్టం, ఈ రెండింటి ఉష్ణోగ్రతలూ కొలవండి. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుని ఉండాలి, ఇంజిన్ మీద కొంత భారం ఉండాలి. తేడా 20, 25 డిగ్రీల పైన ఉండీ ఇంజిన్ వేడెక్కుతుంటే రేడియేటర్ తన దగ్గరికి వచ్చినదాన్ని బాగానే చల్లబరుస్తోంది, కానీ వచ్చేదే తక్కువ. పంపునో, సగమే తెరుచుకునే థర్మోస్టాట్‌నో, ముడుచుకుపోయిన గొట్టాన్నో వెతకాలి. తేడా మూడు నాలుగు డిగ్రీలే ఉండి వేడెక్కుతుంటే కూలెంట్ ధారాళంగా వస్తోంది గానీ వేడి గాలిలోకి పోవడం లేదు. రేడియేటర్ రెక్కలు మూసుకుపోయి ఉంటాయి. అంకెలు కారును బట్టి కొంత మారతాయి, అవి చెప్పే దిశ మారదు.

కింది గొట్టం పంపు పీల్చుకునే వైపు ఉండే కొన్ని ఇంజిన్లలో, గొట్టం లోపల ఒక స్ప్రింగు చుట్ట ఉంటుంది. అది తుప్పు పట్టి పోయినా, రబ్బరు మెత్తబడినా, ఇంజిన్‌ను 3,000 నుంచి 4,000 ఆర్‌పీఎంకు తీసుకెళ్లగానే గొట్టం చప్పగా అణిగిపోతుంది. ఐడిల్‌కు రాగానే మళ్లీ గుండ్రంగా అవుతుంది. ఆగి ఉన్న బండిలో ఎంత చూసినా కనపడని లోపం ఇది. ఒకరు యాక్సిలరేటర్ మీద ఉండి మరొకరు టార్చి పట్టుకుని చూడాలి.

పంపు బయటికి బాగానే ఉండి లోపల పనిచేయకపోవచ్చు. 1990ల నాటి కొన్ని బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల ఇంజిన్లలో పంపు లోపల కూలెంట్‌ను తోసే రెక్కల చక్రం (ఇంపెల్లర్) ప్లాస్టిక్‌ది. అది పగిలి షాఫ్టు మీద జారుతుంటే పుల్లీ తిరుగుతూనే ఉంటుంది, కూలెంట్ కదలదు. తర్వాతి తరం ఆరు సిలిండర్ల ఇంజిన్లలో ఆ కంపెనీయే బెల్టు లేని ఎలక్ట్రిక్ పంపులు పెట్టింది. అవి చప్పుడు లేకుండా ఆగిపోతాయి, కాబట్టి స్కానర్‌లో పంపు ఎన్ని ఆర్‌పీఎం తిరగాలో, ఎంత తిరుగుతోందో రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి. రేడియేటర్ లోపలి ట్యూబులు మూసుకుపోయాయేమో తెలియాలంటే వేడి మీద ఉండగా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ ముఖం అంతటా అంగుళం అంగుళం కొలవండి. ఒక వైపు నుంచి మరో వైపుకు వేడి క్రమంగా తగ్గాలి. నడుమ ఎక్కడైనా చల్లటి మచ్చలుంటే అక్కడి ట్యూబుల్లో కూలెంట్ పారడం లేదు.

ఇక్కడే థర్మోస్టాట్ మాట చెప్పాలి, ఎందుకంటే జనం దాన్నే ముందు పీకేస్తారు. అది 82 నుంచి 95 డిగ్రీల మధ్య, ఇంజిన్‌ను బట్టి, తెరుచుకోవడం మొదలుపెట్టి, ఇంకో 10, 15 డిగ్రీలు ఎక్కేలోగా పూర్తిగా తెరుచుకుంటుంది. చాలా ఇంజిన్లలో దానికి రెండు పళ్లేలుంటాయి. ఒకటి రేడియేటర్ దారి తెరుస్తుంటే రెండోది రేడియేటర్‌ను తప్పించుకుపోయే బైపాస్ దారిని మూస్తుంది. మొత్తం తీసేస్తే ఆ బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కూలెంట్‌లో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది. నెమ్మదిగా నడిపినప్పుడు ఇంజిన్ అతిచల్లగా ఉండి, గట్టిగా తొక్కినప్పుడు మాత్రం మరింత వేడెక్కుతుంది. థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు మరీ వేగంగా పారి రేడియేటర్‌లో చల్లబడే సమయం దొరకదని కొందరు చెప్పే కారణం సరైంది కాదు. పారే వేగం పెరిగితే రేడియేటర్ ఎక్కువ వేడినే వదులుతుంది, తగ్గించదు. నష్టం చేసేది బైపాస్. దానికి తోడు, పై వైపు థర్మోస్టాట్ ఉండే ఇంజిన్లలో అది ఇచ్చే కొద్దిపాటి అడ్డు వల్ల హెడ్ లోపల ఒత్తిడి పెరిగి ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఆవిరి బుడగలు కట్టకుండా ఉంటుంది. తీసేస్తే ఆ రక్షణా పోతుంది.

థర్మోస్టాట్ మీద అనుమానముంటే తీసి, నీళ్లున్న గిన్నెలో థర్మామీటర్‌తో పాటు వేలాడదీసి వేడి చేయండి. గిన్నె అడుక్కి తగలకూడదు. దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రతకు రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూగా కదలడం మొదలుపెట్టాలి. ఇప్పటి కార్లలో కంప్యూటర్ వేడిచేసే ఎలక్ట్రానిక్ థర్మోస్టాట్‌లకు మాత్రం ఈ పరీక్ష సగమే చెబుతుంది, వాటిలోని హీటర్ వైరును మల్టీమీటర్‌తో విడిగా చూడాలి.

ఇప్పటిదాకా చెప్పింది ఏ కారుకైనా వర్తిస్తుంది. స్పోర్ట్స్ కార్లకే ప్రత్యేకమైన చిక్కులున్నాయి, మామూలు గ్యారేజీల్లో తప్పిపోయేవి ఇవే.

ఇంజిన్ నడిమిలోనో వెనకనో ఉండే కార్లలో రేడియేటర్లు ముందుంటాయి, మధ్యలో బండి పొడవునా పైపులు. 1998 దాకా గాలితోనూ ఆయిల్‌తోనూ చల్లబడిన పోర్షె 911 ఇంజిన్ ఆ తర్వాతి తరంలో నీళ్లకు మారింది. దానికీ, అదే కంపెనీ బాక్‌స్టర్‌కూ రేడియేటర్లు ముందు బంపర్ రెండు మూలల్లో, వాటి ముందు ఏసీ కండెన్సర్లు ఉంటాయి. బంపర్ రంధ్రాల్లోంచి ఎండుటాకులు, కాగితాలు, మట్టి లోపలికి పోయి కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ నడుమ దట్టంగా పేరుకుంటాయి. బయటినుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది. బంపర్ విప్పి, కండెన్సర్‌ను రేడియేటర్ నుంచి వేరు చేసి చూడనిదే ఆ చెత్త కనపడదు. ఏసీ గొట్టాలు విప్పకుండానే కండెన్సర్‌ను కాస్త ముందుకు జరపవచ్చు. తడి ఆకులు కుళ్లితే అల్యూమినియం తొందరగా తినేసుకుపోతుంది కూడా. ఎక్కువ ఒత్తిడితో నీళ్లు కొడితే రెక్కలు వంగిపోతాయి, మామూలు గొట్టపు నీళ్లతో వెనక నుంచి ముందుకు కడగాలి.

ఇలాంటి కార్లలో కూలెంట్ మార్చాక ఎయిర్ లాక్ తప్పించడం అన్నిటికన్నా కష్టం. పొడవాటి పైపుల్లో ఎక్కడ ఎత్తు ఉంటే అక్కడ గాలి చిక్కుకుంటుంది, పంపు దాన్ని తోయలేదు. లోపల గలగలమన్న చప్పుడు, హీటర్‌లో కాసేపు వేడి కాసేపు చల్ల గాలి, ముల్లు ఉన్నట్టుండి ఎక్కి దిగడం, ఇవి ఆనవాళ్లు. పై నుంచి పోసి ఇంజిన్ నడిపి చూద్దామనుకుంటే గంటలు గడుస్తాయి, గాలి అలాగే ఉంటుంది. సరైన పద్ధతి వాక్యూమ్‌తో నింపడం. కూలెంట్ డబ్బా మూతి దగ్గర అడాప్టర్ బిగించి, కంప్రెసర్ సాయంతో లోపలి గాలిని సుమారు 0.8 బార్ మేర లాగేయాలి. గొట్టాలు ముడుచుకుంటాయి, కంగారు పడవద్దు. ఐదు నిమిషాలు వాక్యూమ్ కదలకుండా నిలిస్తే లీకు లేదు. అప్పుడు వాల్వు తిప్పితే కూలెంట్ తనంతట తానే మూలమూలకూ చేరుతుంది. ఈ పరికరం లేనివాళ్లు హీటర్‌ను పూర్తి వేడికి పెట్టి, రేడియేటర్ దగ్గరా పైపుల ఎత్తైన చోటా ఉండే, గాలి వదిలే బ్లీడ్ స్క్రూలను, బుడగల్లేని ధార వచ్చేదాకా, ఆ కారు మాన్యువల్ చెప్పిన వరసలోనే వదులు చేసి బిగించాలి.

నేలకు తక్కువగా ఉండే కార్లలో ముందు కింది పెదవి, అడుగు తొడుగు స్పీడ్ బ్రేకర్లకు రాసుకుని విరుగుతాయి. ఊడిన ముక్కను పారేసి నడిపేవాళ్లు చాలామంది. అది అందం కోసం పెట్టిందనుకుంటారు. నిజానికి అది రేడియేటర్ వెనక ఒత్తిడిని తగ్గించి గాలిని దాని గుండా లాగించే భాగం. కింది నుంచి గాలి పీల్చుకునే కొన్ని కార్లలో అది లేకపోతే రేడియేటర్‌కు గాలే అందదు. అలాగే రేడియేటర్ అంచుల చుట్టూ ఉండే ఫోమ్ పట్టీలు. గాలి ఎప్పుడూ సులువైన దారి వెతుక్కుంటుంది, వేలు దూరేంత సందు ఉన్నా రేడియేటర్‌ను వదిలి అటే పోతుంది. హైవే మీద వేడెక్కే కారులో కొత్త రేడియేటర్ కొనే ముందు ఈ పట్టీలు, ఆ తొడుగు ఉన్నాయో లేదో చూడమని మా గట్టి సలహా. బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి పైకి లేపడం ఒక ఫ్యాషన్ అయింది. ఆగి ఉన్నప్పుడు వేడి బయటికి పోతుంది, నిజమే. వేగంలో మాత్రం అద్దం అడుగున గాలి ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది, బయటి గాలే అక్కడి నుంచి లోపలికి వచ్చి రేడియేటర్ గుండా రావలసిన గాలికి అడ్డం పడుతుంది.

ట్రాక్ మీద మాత్రమే వేడెక్కే కారుకు లోపం ఉండకపోవచ్చు, తట్టుకునే హద్దే దాటుతూ ఉండవచ్చు. 2015లో వచ్చిన సూపర్‌చార్జర్ ఉన్న షెవర్లే కార్వెట్ జెడ్06 ట్రాక్ మీద వేడెక్కుతోందని పేరు పడింది. 2017 మోడల్‌కు బానెట్ మీది గాలి రంధ్రాలను పెద్దవి చేశారు. పెద్ద కంపెనీకే ఇది ఎదురైతే, పవర్ పెంచడానికి ట్యూనింగ్ చేయించిన కారుకు ఎదురవడంలో వింత లేదు. ఇక్కడ కూలెంట్‌తో పాటు ఆయిల్ ఉష్ణోగ్రతనూ చూడాలి. కూలెంట్ 105 దగ్గర నిలబడి, ఆయిల్ 110 నుంచి 130 మధ్య ఉంటే పర్వాలేదు. ఆయిల్ 140 దాటి ఎక్కుతూ, దాని వెనకాలే కూలెంట్ ఎక్కుతుంటే పెద్ద రేడియేటర్ కన్నా ఆయిల్ కూలర్ ముందు అవసరం. టర్బో కారులో టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ రేడియేటర్‌కు ముందు ఉంటే, అది వదిలిన వేడి గాలే రేడియేటర్‌కు అందుతుంది. ట్యూనింగ్ తర్వాతే మొదలైతే ఇగ్నిషన్ టైమింగ్, ఇంధన మిశ్రమం లాగ్ తీయించండి. నాక్ (ఇంధనం అదుపు తప్పి మండటం) వల్ల టైమింగ్ వెనక్కి పోతుంటే ఎగ్జాస్ట్ వైపు వేడి పెరిగి, అది హెడ్ ద్వారా కూలెంట్‌లోకే చేరుతుంది.

గ్లైకాల్ ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లబడుతుందనే నమ్మకం కూడా తప్పు. నీళ్లకున్నంత వేడి మోసే శక్తి గ్లైకాల్‌కు లేదు. అది మరిగే హద్దును పెంచడానికి, గడ్డకట్టకుండా ఆపడానికి, తుప్పును నివారించే మందులను మోయడానికి ఉంది. సగం సగం దాటి పోయకండి. ట్రాక్ కోసం శుద్ధమైన నీళ్లలో తుప్పు నివారణ మందు కలిపి వాడేవాళ్లున్నారు. కింద ఒలికితే గ్లైకాల్ జారుడుగా ఉంటుందని కొన్ని ట్రాక్‌ల నియమాలే దాన్ని నిషేధిస్తాయి. ఆ నీళ్లతో చలికాలం దాటించకూడదు, గడ్డకడితే బ్లాకు పగులుతుంది. రంగు చూసి కూలెంట్ కలపవద్దు. రంగుకు ప్రమాణం లేదు, కారు మాన్యువల్‌లో రాసిన రకమే పోయాలి. పొసగని రకాలు కలిస్తే జిగురులా గడ్డకట్టి సన్నటి దారులు మూసుకుపోతాయి. లీకులు మూసే పొడులూ అదే పని చేస్తాయి, వాటిని స్పోర్ట్స్ కారులో పోయకండి.

చివరిది, అందరూ భయపడేది, సిలిండర్ హెడ్‌కూ బ్లాకుకూ నడుమ ఉండే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ పోవడం. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాలకే పై గొట్టం రాయిలా బిగుసుకోవడం, బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గడం, ఎగ్జాస్ట్‌లో తీపి వాసన ఉన్న తెల్లటి పొగ ఆగకుండా రావడం దాని లక్షణాలు. ఆయిల్ మూత కింద తెల్లటి నురగ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. తక్కువ దూరాలే తిరిగే కారులో తేమ వల్ల కూడా అలా పేరుకుంటుంది. మూత స్థానంలో ప్రెషర్ టెస్టర్ బిగించి, చల్లటి ఇంజిన్‌లో మూత మీద రాసిన ఒత్తిడి దాకా పంపు కొట్టి 15 నిమిషాలు ఆగండి. ఒత్తిడి పడిపోతే ముందు బయట వెతకాలి. పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం, రేడియేటర్ ప్లాస్టిక్ డబ్బా అల్యూమినియంతో కలిసే అంచు, కూలెంట్ డబ్బా అతుకు, కారు లోపల హీటర్ కింది తివాచీ, ఇవన్నీ తడిమి చూడాలి. మూతను విడిగా పరీక్షించడం మరవొద్దు. ఒత్తిడి నిలపలేని మూత ఒక్కటే మొత్తం సమస్యకు కారణమైన సందర్భాలు తక్కువేమీ కాదు.

బయట లీకు లేకపోతే, నీలిరంగు రసాయనం ఉండే బ్లాక్ టెస్టర్‌ను కూలెంట్ మూతి మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా కూలెంట్ పైనున్న గాలిని దాని గుండా లాగాలి. దహనవాయువు లోపలికి వస్తోందంటే రంగు పసుపుకు మారుతుంది. కూలెంట్ చుక్క అందులోకి పోతే పరీక్ష చెడుతుంది, కాబట్టి ముందే కాస్త తీసి మట్టం తగ్గించాలి. తర్వాత లీక్‌డౌన్ టెస్టుతో ఏ సిలిండరో తెలుస్తుంది. పిస్టన్‌ను పై చివర నిలిపి గాలి ఎక్కిస్తే కూలెంట్ డబ్బాలో బుడగలు వచ్చేది ఆ సిలిండరే. స్పార్క్ ప్లగ్గులు విప్పితే అక్కడిది ఆవిరితో కడిగినట్టు తెల్లగా మెరుస్తూ ఉండటమూ చూడవచ్చు.

హెడ్ విప్పితే స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజీతో పొడవునా, అడ్డంగా, ఐమూలగా కొలవాలి. అల్యూమినియం హెడ్‌లకు ఒంపు 0.05 మిల్లీమీటర్ల దగ్గరే ఆగాలని చాలా మాన్యువల్‌లు చెబుతాయి, ఆ ఇంజిన్ మాన్యువల్ అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి. కోణంతో బిగించే హెడ్ బోల్టులు చాలావరకు సాగిపోయేవి, అలాంటి పాతవి మళ్లీ వాడకూడదు. మాజ్డా ఆర్‌ఎక్స్-7 లాంటి రోటరీ ఇంజిన్లలో హెడ్డే ఉండదు. ఇనుప పలకలు, అల్యూమినియం హౌసింగులు ఒకదాని పక్కన ఒకటి పేర్చి, నడుమ రబ్బరు సీళ్లు పెడతారు. రెండు లోహాలూ వేర్వేరుగా వ్యాకోచించడంతో ఒక్కసారి గట్టిగా వేడెక్కినా ఆ సీళ్లు పోయి ఇంజిన్ మొత్తం విప్పవలసి వస్తుంది. 1992 నుంచి 2002 దాకా వచ్చిన మూడో తరం ఆర్‌ఎక్స్-7లో గాలిని వేరుచేసే ప్లాస్టిక్ ట్యాంకు పగలడం బాగా తెలిసిన బలహీనత. ఆ కారున్నవాళ్లు అది పగిలేదాకా ఆగకుండా అల్యూమినియందో, కొత్తదో వేయించుకోవాలి.

మరమ్మతు అయ్యాక బండి అప్పగించే ముందు స్కానర్ పెట్టి, ఇంజిన్‌ను ఐడిల్‌లో రెండుసార్లు ఫ్యాన్ వచ్చి ఆగేదాకా ఉంచండి. తర్వాత మొదట ఏ పరిస్థితిలో వేడెక్కిందో అదే పరిస్థితిలో నడిపి అంకెలు నమోదు చేయండి. మర్నాడు ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ మట్టం మళ్లీ చూడండి. వేలెడు తగ్గితే చిక్కుకున్న గాలి బయటికి వచ్చిందని నింపవచ్చు. మూడో రోజూ అంతే తగ్గితే లీకు ఇంకా ఉంది, ప్రెషర్ టెస్టర్ దగ్గరికి తిరిగి వెళ్లాలి.

ఇట్లు,
స్పోర్ట్స్ కార్ల మరమ్మతు పనిలో ఉన్న కొందరు మెకానిక్‌లు